ఫొటో సందేహాలు: ఎస్ఆర్‌జీబీయా, అడోబీ ఆర్‌జీబీయా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకే మెనూ గురించిన ప్రశ్నలున్నాయి. అందుకని లెన్సులు, ఫ్లాష్‌ల సంగతి వచ్చే నెలకు పెట్టి, ఈసారి శీర్షిక మొత్తాన్నీ కలర్ స్పేస్‌కే ఇస్తున్నాను. ఫైల్లోని అంకెలు ఏ రంగులకు గుర్తులో, ఎంత మేర రంగులను పట్టగలవో చెప్పే లెక్క అది; కెమెరా మెనూలో దానికి ఎస్ఆర్‌జీబీ, అడోబీ ఆర్‌జీబీ అని రెండు ఎంపికలుంటాయి. నేను చాలాకాలం ప్రీప్రెస్‌లో పనిచేశాను. పేజీలను అచ్చుకు సిద్ధం చేసే విభాగం అది. ఫొటోగ్రాఫర్ల దగ్గర్నుంచి ఫైలు రాగానే, ఫొటో ఎలా ఉందో చూడకముందే దాని వెంట ప్రొఫైల్ (ఫైలు ఏ కలర్ స్పేస్‌లో ఉందో చెప్పే చీటీ లాంటిది) ఉందా, ఉంటే ఏది అని చూసేవాళ్ళం. ఆ అలవాటు వల్ల ఈ సెట్టింగ్ గురించి ఎవరడిగినా నేను ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను: మీ తర్వాత ఆ ఫైలును ఎవరు తెరుస్తారు? కింది జవాబులన్నీ దాని చుట్టూనే ఉంటాయి.

ప్రశ్న: మేడమ్, కొత్త కెమెరా కొన్నాను. మెనూలో కలర్ స్పేస్ అని కనిపిస్తే, అడోబీ ఆర్‌జీబీలో రంగులు ఎక్కువ అని నా స్నేహితుడు చెప్పాడు. అదే పెట్టి ప్రయాణంలో బోలెడు జేపెగ్‌లు తీశాను. కెమెరా స్క్రీన్ మీద బాగానే ఉన్నాయి. వాటిని అందరికీ పంపితే మాత్రం చెట్లు వెలిసిపోయినట్టు, మొహాలు జ్వరం వచ్చి లేచినట్టు కనిపిస్తున్నాయి. కెమెరాలో లోపమా? తీసినవన్నీ పాడైపోయినట్టేనా?

జవాబు: టెన్షన్ పడకండి. కెమెరాలో లోపం లేదు, ఫొటోలూ పాడవలేదు. ఫైల్లో అంకెలు సరిగానే ఉన్నాయి. వాటిని చదివిన ప్రోగ్రాము వేరే లెక్కలో చదివింది, అంతే.

జేపెగ్‌లో ప్రతి పిక్సెల్‌కూ మూడు అంకెలుంటాయి. ఎరుపుకొకటి, ఆకుపచ్చకొకటి, నీలానికొకటి, ఒక్కోటీ 0 నుంచి 255 దాకా. ఎరుపు 255 అంటే అక్కడ సాధ్యమైనంత నిండు ఎరుపు అని. అయితే ఆ నిండు ఎరుపు నిజంగా ఎలాంటిది అన్నది అంకెలో ఉండదు. అది కలర్ స్పేస్ చెప్పాలి. ఎస్ఆర్‌జీబీని హ్యూలెట్ ప్యాకార్డ్, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో ప్రతిపాదించాయి, 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. అప్పటి పిక్చర్ ట్యూబ్ మానిటర్లు ఏ రంగులు చూపగలిగేవో వాటిని బట్టి దాని హద్దులు గీశారు. అడోబీ ఆర్‌జీబీ 1998లో ఫొటోషాప్‌తో పాటు వచ్చింది. అచ్చు సిరాలు పలికించగలిగే రంగులు చాలావరకు దాని హద్దుల్లో ఇముడుతాయి. కంటికి కనిపించే రంగుల్లో మొదటిది సుమారు 35 శాతాన్ని, రెండోది దాదాపు సగాన్ని పట్టుకుంటాయని సాధారణంగా చెప్పే లెక్క. మీ స్నేహితుడు చెప్పింది ఆ మేరకు నిజమే.

ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ పెరుగుదల అన్ని రంగుల్లోనూ రాలేదు. రెండు కలర్ స్పేస్‌లలోనూ ఎరుపు మూల, నీలం మూల ఒకే చోట ఉన్నాయి. ఆకుపచ్చ మూలను మాత్రమే బాగా దూరంగా జరిపారు. కాబట్టి లాభమంతా ఆకుపచ్చల్లోనూ, ఆకుపచ్చకూ నీలానికీ మధ్య రంగుల్లోనూ ఉంది. ఎండ వెనక నుంచి పడిన లేత ఆకు, చిలకపచ్చ, నెమలికంఠం రంగు, ఇసుక మీద తేటగా పారే సముద్రపు నీరు. మీరు తీసినవి మనుషులు, భవనాలు, సాయంత్రపు ఆకాశం అయితే అడోబీ ఆర్‌జీబీ ఇచ్చే ఆ అదనపు చోటులో అసలు ఏమీ ఉండకపోవచ్చు.

రంగులు ఎందుకు వెలిశాయో ఒక ఉదాహరణతో చెబుతాను. ఎస్ఆర్‌జీబీలో 255, 0, 0 అనే ఎరుపు ఉంది. సరిగ్గా అదే ఎరుపును అడోబీ ఆర్‌జీబీలో రాయాలంటే 219, 0, 0 అని రాయాలి. దాని పరిధి పెద్దది కాబట్టి అదే రంగుకు చిన్న అంకె సరిపోతుంది. ఇప్పుడు ఏదో ఒక యాప్ ఆ 219ని చూసి, ఇది ఎస్ఆర్‌జీబీయే అనుకుని చూపించిందనుకోండి, ఎరుపు ఒక మెట్టు చచ్చిపోతుంది. ఆకుపచ్చ పరిస్థితి ఇంకా దారుణం. ఎస్ఆర్‌జీబీలోని 0, 255, 0 అడోబీ ఆర్‌జీబీలో 144, 255, 60 అవుతుంది. దాన్ని తప్పు లెక్కలో చదివితే పచ్చలో ఎరుపూ నీలమూ కలిసిపోయి సున్నం కలిపిన పచ్చలా తేలుతుంది. మీ చెట్లకు జరిగింది ఇదే.

యాప్‌కు ఆ సంగతి ఎందుకు తెలియలేదంటే, చెప్పేవాళ్ళు లేక. ఫైల్లో ఐసీసీ ప్రొఫైల్, అంటే మొదట్లో చెప్పిన ఆ చీటీ, ఉంటే మంచి ప్రోగ్రాములన్నీ దాన్ని చూసి సరిగా చూపిస్తాయి. కానీ కొన్ని కెమెరాలు అడోబీ ఆర్‌జీబీ జేపెగ్‌లో ఆ ప్రొఫైల్‌ను పెట్టవు, ఎక్సిఫ్ సమాచారంలో (ఫొటోతో పాటు కెమెరా ఫైల్లో రాసే వివరాల్లో) గుర్తు మాత్రం వదులుతాయి. ఆ గుర్తు కూడా సూటిగా ఉండదు. ఎక్సిఫ్‌లోని కలర్ స్పేస్ అనే గడిలో ఎస్ఆర్‌జీబీకి 1 అని ఉంటుంది. అడోబీ ఆర్‌జీబీకంటూ అక్కడ ప్రత్యేకమైన అంకె లేదు, అన్‌క్యాలిబ్రేటెడ్ అని పడుతుంది. అసలు పేరు మరో మూల చిన్న కోడ్‌గా ఉంటుంది. అంత వెతికే ఓపిక అన్ని ప్రోగ్రాములకూ ఉండదు. పైగా కొన్ని యాప్‌లు ఫొటోను పంపేటప్పుడు సైజు తగ్గించడం కోసం ప్రొఫైల్‌నూ ఎక్సిఫ్‌నూ తీసేస్తాయి.

ఇప్పుడు మీ ఫొటోల సంగతి. అసలు ఫైళ్ళను ముట్టుకోకుండా వాటి కాపీల మీద పని చేయండి. ఎడిటింగ్ ప్రోగ్రాములో తెరిచాక, ప్రొఫైల్ లేదని అది చెబితే ముందుగా అసైన్ ప్రొఫైల్‌తో అడోబీ ఆర్‌జీబీని ఇవ్వండి. చెట్లు వెంటనే తేరుకుంటాయి. ఆ తర్వాత కన్వర్ట్ టు ప్రొఫైల్‌తో ఎస్ఆర్‌జీబీకి మార్చి, ప్రొఫైల్ జతచేసి సేవ్ చేయండి. ఈ రెండు పనుల వరస చాలా ముఖ్యం. అసైన్ చేస్తే అంకెలు అలాగే ఉండి రంగులు మారతాయి. కన్వర్ట్ చేస్తే రంగులు అలాగే ఉండి అంకెలు మారతాయి. వెలిసిన ఫొటోకు నేరుగా ఎస్ఆర్‌జీబీని అసైన్ చేసి సేవ్ చేస్తే, ఆ వెలిసిన రూపమే ఖాయమైపోతుంది. ప్రీప్రెస్‌లో మాకు వచ్చే పాడైన ఫైళ్ళలో ఎక్కువ భాగం ఇలా అసైన్‌నూ కన్వర్ట్‌నూ కలగలిపినవే.

ఇకమీదట జేపెగ్‌లు తీసి పంపుకోవడమే మీ పని అయితే కెమెరాలో ఎస్ఆర్‌జీబీ పెట్టి, ఆ మెనూను మరచిపోండి.

ప్రశ్న: నా ఫైళ్ళలో కొన్నింటి పేర్లు అండర్‌స్కోర్‌తో మొదలవుతున్నాయి. మిగతావి మామూలుగా ఉన్నాయి. మెమరీ కార్డు పాడవుతోందా?

జవాబు: కార్డు బాగానే ఉంది. ఫైలు అడోబీ ఆర్‌జీబీలో ఉందని చెప్పడానికి కెమెరా పెట్టే గుర్తు అది. కెమెరా ఫైళ్ళ పేర్లకు డీసీఎఫ్ అనే ఉమ్మడి నియమావళి ఉంది. 2003లో వచ్చిన దాని రెండో వెర్షన్ అడోబీ ఆర్‌జీబీని అదనపు ఎంపికగా చేర్చి, అలాంటి ఫైలు పేరు అండర్‌స్కోర్‌తో మొదలవ్వాలంది. కానన్‌లో ఐఎంజీ అండర్‌స్కోర్ అని మొదలయ్యే పేరు అండర్‌స్కోర్ ఎంజీ అవుతుంది. నికాన్‌లో డీఎస్‌సీ అండర్‌స్కోర్ కాస్తా అండర్‌స్కోర్ డీఎస్‌సీ అవుతుంది. మీ ఫైళ్ళు రెండు రకాలుగా ఉన్నాయంటే మధ్యలో ఎప్పుడో ఆ సెట్టింగ్ మారింది. లేదా కొన్నిసార్లు పూర్తి ఆటో మోడ్‌లో తీసి ఉంటారు. కొన్ని కెమెరాలు ఆటోలో మీరు పెట్టింది పట్టించుకోకుండా ఎస్ఆర్‌జీబీయే వాడతాయి.

ఫైళ్ళకు కొత్త పేర్లు పెట్టే అలవాటుంటే ఆ అండర్‌స్కోర్‌ను మాత్రం ఉంచండి. ప్రొఫైల్ పోయిన రోజున ఆ ఒక్క గీతే ఆధారమవుతుంది.

ప్రశ్న: నేను ఎప్పుడూ రా ఫైళ్ళే తీస్తాను. రాలో ఈ సెట్టింగ్‌తో పని లేదని ఒకరు, ఉందని ఒకరు వాదిస్తున్నారు. ఏది నిజం?

జవాబు: రా అంటే సెన్సర్ పట్టిన వెలుగును జేపెగ్‌గా మార్చకుండా ఉన్నదున్నట్టు దాచే ఫైలు. అందులోకి చేరే సమాచారం విషయంలో మొదటివారిదే నిజం. సెన్సర్ మీద ప్రతి చుక్క ముందూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లలో ఏదో ఒకటి ఉంటుంది. దాని గుండా ఎంత వెలుగు వచ్చిందో 12 లేదా 14 బిట్ల అంకెగా రా ఫైల్లో రాస్తారు. అప్పటికి ఇంకా అది ఎస్ఆర్‌జీబీ కాదు, అడోబీ ఆర్‌జీబీ కాదు. ఏ హద్దులో సర్దాలన్నది మీరు కంప్యూటర్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు తేలుతుంది. లైట్‌రూమ్ లాంటివి కెమెరా సెట్టింగ్‌ను అసలు పట్టించుకోవు. కెమెరా కంపెనీల సొంత ప్రోగ్రాములు మాత్రం దాన్ని మొదటి ఎంపికగా తీసుకుంటాయి, మీరు అక్కడే మార్చుకోవచ్చు.

రెండోవారి మాటలోనూ కొంత ఉంది. మీరు రా తీసినా, కెమెరా స్క్రీన్ మీద కనిపించే బొమ్మ ఫైల్లో దాచిన ఒక జేపెగ్. హిస్టోగ్రామ్ (చీకటి నుంచి వెలుగు దాకా ఏది ఎంత ఉందో ఎడమ నుంచి కుడికి చూపే పటం), తెల్లబారిన చోట మిణుకుమనే హెచ్చరిక, రెండూ ఆ జేపెగ్ నుంచే లెక్క కడతారు. పైన చెప్పిన ఎరుపు ఉదాహరణ గుర్తుంది కదా. నిండు ఎర్రటి పువ్వును తీస్తే ఎస్ఆర్‌జీబీ హిస్టోగ్రామ్‌లో ఎరుపు కుడి గోడకు గుద్దుకున్నట్టు కనిపిస్తుంది. అదే పువ్వుకు అడోబీ ఆర్‌జీబీలో ఇంకా చోటున్నట్టు తెలుస్తుంది. రా ఫైల్లో నిజంగా ఎంత మిగిలి ఉందో దానికి రెండోదే కాస్త దగ్గర. అందుకే నా కెమెరాలో రా మాత్రమే తీసేటప్పుడు అడోబీ ఆర్‌జీబీ ఉంచుతాను. అది హిస్టోగ్రామ్ కోసమే. రాతో పాటు జేపెగ్ కూడా తీసి, ఆ జేపెగ్‌లను అప్పటికప్పుడు ఎవరికైనా ఇచ్చే పని ఉన్నప్పుడు ఎస్ఆర్‌జీబీకి మారుస్తాను. హిస్టోగ్రామ్‌లో ఆ కాస్త తేడా కోసం అవతలివాళ్ళను ఇబ్బంది పెట్టడం నాకు ఇష్టం ఉండదు.

ప్రశ్న: నేను పిట్టల ఫొటోలు తీసి, సొంత ఇంక్‌జెట్ ప్రింటర్‌లో మంచి కాగితం మీద ప్రింటు వేసుకుంటాను. లకుముకిపిట్ట వీపు మీది నీలం నా కంటికి కనిపించినట్టు ప్రింటులో రావడం లేదు. ఈకల గీతలు కూడా కలిసిపోయి ఒకే ముద్దగా వస్తున్నాయి. కలర్ స్పేస్ మారిస్తే ఫలితం ఉంటుందా?

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. అడోబీ ఆర్‌జీబీ నిజంగా పనికొచ్చే చోటు ఇదే. లకుముకిపిట్ట వీపు రంగు ఆకుపచ్చకూ నీలానికీ మధ్యన, వెలుగు పడితే భగ్గుమనే రంగు. ఆ ప్రాంతంలో ఎస్ఆర్‌జీబీ బాగా ఇరుకు. అచ్చులో వాడే శుద్ధమైన సయాన్ (నీలిఆకుపచ్చ) సిరా రంగే దాని హద్దుకు బయట పడుతుంది. మంచి ఇంక్‌జెట్ ప్రింటరు మంచి కాగితం మీద ఆ రంగును పలికించగలిగినా, మీరు పంపిన ఫైల్లో అది లేకపోతే ప్రింటరు ఏం చేస్తుంది?

ఈకల గీతలు ముద్దయ్యే కారణం కూడా అదే కావచ్చు. ఈకలో ఒక గీత కాస్త హద్దు దాటిన రంగు, పక్క గీత ఇంకాస్త దాటిన రంగు అనుకోండి. ఎస్ఆర్‌జీబీలోకి మార్చినప్పుడు రెండూ హద్దు దగ్గరికే వచ్చి ఆగుతాయి. రెండింటికీ ఒకే అంకె వస్తుంది. గీత పోతుంది. కన్వర్ట్ చేసేటప్పుడు పర్సెప్చువల్, రెలటివ్ కలరిమెట్రిక్ అని ఎంపికలు కనిపిస్తాయి కదా, పర్సెప్చువల్ పెడితే రంగులన్నీ మెల్లగా సర్దుకుంటాయని చాలామంది నమ్ముతారు. ప్రింటరు ప్రొఫైళ్ళ విషయంలో అది నిజమే. మామూలుగా వాడే ఎస్ఆర్‌జీబీ ప్రొఫైల్‌లో మాత్రం అలా సర్దే పట్టికలు ఉండవు. మీరు ఏది ఎంచుకున్నా హద్దు దాటినవి హద్దు దగ్గరే కోసేస్తారు.

అందుకని మీరు చేయాల్సింది ఇది. రాలో తీయండి. ఎడిటింగ్‌లోకి 16 బిట్లలో, అడోబీ ఆర్‌జీబీ లేదా అంతకన్నా పెద్ద స్పేస్‌లో తెచ్చుకోండి. మధ్యలో ఎక్కడా ఎస్ఆర్‌జీబీ గుండా పోనివ్వకండి. ఒకసారి పోయిన రంగు మళ్ళీ అడోబీ ఆర్‌జీబీకి మార్చినంత మాత్రాన తిరిగి రాదు. ప్రింటు వేసేముందు మీ ప్రింటరు, మీ కాగితం, ఈ రెండింటి జతకు సరిపోయే ప్రొఫైల్‌ను కాగితం కంపెనీ నుంచి తీసుకుని సాఫ్ట్ ప్రూఫ్‌లో, అంటే ప్రింటు ఎలా వస్తుందో ముందే తెర మీద చూపే పద్ధతిలో, చూడండి. మెరుపు కాగితానికీ, మెరుపు లేని మ్యాట్ కాగితానికీ చాలా తేడా ఉంటుంది. మ్యాట్ మీద ఆ నీలం పూర్తిగా రావడం కష్టం. అలాంటప్పుడు ఫొటో మొత్తం రంగు పెంచడం వల్ల లాభం లేదు. నీలిఆకుపచ్చ రంగును ఒక్కదాన్నే ఎంచుకుని దాని సాంద్రత కొద్దిగా తగ్గించండి. ఈకల మధ్య గీతలు బయటికి వస్తాయి. రంగు కాస్త తగ్గినా వివరం ఉంటే కన్ను దాన్ని మెరుస్తున్న రంగుగానే చదువుతుంది. ఇది నేను ఎన్నో పేజీల మీద చూసిన సంగతి.

మానిటర్ సంగతి కూడా చెప్పాలి. మామూలు మానిటర్లు చూపేది ఎస్ఆర్‌జీబీ మేరకే, కొన్ని ల్యాప్‌టాప్ తెరలు అంత కూడా చూపవు. ఫైల్లో ఉన్న ఆ నీలం మీ తెర మీద కనిపించదు, ప్రింటులో మొదటిసారి చూస్తారు. అడోబీ ఆర్‌జీబీని దాదాపు పూర్తిగా చూపే మానిటర్లు ఉన్నాయి కానీ, అలాంటిది కొన్నాక కలరిమీటర్‌తో (తెర రంగులను కొలిచే పరికరంతో) దాన్ని క్యాలిబ్రేట్ చేయకపోతే, అంటే సరిచూసి దిద్దకపోతే, కొత్త చిక్కు మొదలవుతుంది. ప్రొఫైళ్ళను పట్టించుకోని ప్రోగ్రాముల్లో మామూలు ఎస్ఆర్‌జీబీ ఫొటోలు కూడా అందులో భగభగలాడుతూ కనిపిస్తాయి. మీరు రంగు ఎక్కువైందని తగ్గిస్తారు, మిగతా అందరికీ చప్పగా కనిపిస్తుంది. ముందు ఉన్న మానిటర్‌నే క్యాలిబ్రేట్ చేసి, వెలుగును చదరపు మీటరుకు 100 నుంచి 120 క్యాండెలాల (తెర వెలుగును కొలిచే ప్రమాణం) దగ్గర ఉంచండి. తెర మరీ ప్రకాశవంతంగా ఉండటం వల్లే చాలామందికి ప్రింట్లు నల్లగా వచ్చినట్టు అనిపిస్తుంది.

ప్రశ్న: వేదిక మీద ప్రదర్శనలు తీస్తుంటాను. నీలం, వంగపండు రంగు ఎల్‌ఈడీ లైట్లు పడగానే నటుల మొహాలు కళ్ళూ ముక్కూ లేని నీలిముద్దలా వస్తున్నాయి. అడోబీ ఆర్‌జీబీ పెడితే తగ్గుతుందన్నారు. పెట్టినా తేడా లేదు.

జవాబు: తేడా ఉండదు. పైన చెప్పినట్టు నీలం మూల రెండింటిలోనూ ఒకే చోట ఉంది. ఎస్ఆర్‌జీబీలో నీలం 255 అయిన రంగు అడోబీ ఆర్‌జీబీలో 250 అవుతుంది, అంతే. ఎల్‌ఈడీ నీలం చాలా స్వచ్ఛమైన రంగు, రెండింటి హద్దులకూ అవతల ఉంటుంది. పైగా ఆ వెలుగులో ఎరుపు, ఆకుపచ్చ దాదాపు ఉండవు. మొహంలోని వెలుగునీడలన్నీ ఒక్క నీలం చానల్ మీదే ఆధారపడతాయి. అది కాస్తా 255 దగ్గర గుద్దుకుంటే మొహంలో చెప్పడానికి ఇంకేమీ మిగలదు.

మామూలు హిస్టోగ్రామ్ ఇక్కడ మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. మూడు రంగులనూ కలిపి చూపే గీతలో నీలం వాటా చాలా తక్కువ. మొత్తం చీకటిగా ఉందని అది చూపిస్తుంటే మీరు ఎక్స్‌పోజర్ పెంచుతారు, నీలం పూర్తిగా పోతుంది. కెమెరాలో మూడు రంగులనూ విడివిడిగా చూపే హిస్టోగ్రామ్ ఆన్ చేసుకోండి. నీలం కుడి అంచును తాకకుండా ఉండేదాకా ఎక్స్‌పోజర్ తగ్గించండి, తెర మీద ఫొటో నల్లగా కనిపించినా సరే. రాలో తీయండి. జేపెగే తీయక తప్పదంటే పిక్చర్ స్టైల్‌లో సాచురేషన్, కాంట్రాస్ట్ రెండూ తగ్గించి పెట్టుకోండి, అది కలర్ స్పేస్ మార్చడం కన్నా ఎన్నో రెట్లు ఉపకారం చేస్తుంది. ముందు నుంచి తెల్లటి లైటు కొంచెమైనా పడే క్షణం కోసం కాచుకోగలిగితే మరీ మంచిది. ఇప్పటికే తీసినవాటిలో ఆకుపచ్చ చానల్‌ను విడిగా తెరిచి చూడండి. అందులో మొహం కొంత మిగిలి ఉంటే దాన్ని ఆధారంగా చేసుకుని నలుపు తెలుపు ఫొటో చేయొచ్చు. చాలాసార్లు అది రంగు ఫొటో కన్నా బలంగా ఉంటుంది.

ప్రశ్న: నా ఫొటోలను ఒక ల్యాబ్ ఎస్ఆర్‌జీబీలో పంపమంటోంది. ఒక పత్రిక అడోబీ ఆర్‌జీబీ టిఫ్ అడుగుతోంది. ఇంకొకరు సీఎంవైకే కావాలన్నారు. మూడు చోట్లకూ పనికొచ్చేలా కెమెరాలో ఏది పెట్టుకోవాలి?

జవాబు: మూడింటికీ పనికొచ్చేది రా ఒక్కటే. మాస్టర్ ఫైలు ఒకటి ఉంచుకుని, ఎవరడిగినట్టు వాళ్ళకు విడిగా ఎక్స్‌పోర్ట్ చేయండి. ల్యాబ్ ఎస్ఆర్‌జీబీ అడిగితే అదే ఇవ్వండి, పెద్దది కదా మంచిదని అడోబీ ఆర్‌జీబీ పంపకండి. వాళ్ళ యంత్రం వచ్చిన ప్రతి ఫైలునూ ఎస్ఆర్‌జీబీగానే చదివేలా పెట్టి ఉంటే మీ ప్రింట్లు మొదటి ఉత్తరంలోని చెట్లలాగే వస్తాయి. పత్రికకు టిఫ్ ఇచ్చేటప్పుడు ప్రొఫైల్ జతచేశారో లేదో చూసుకోండి.

సీఎంవైకే (అచ్చులో వాడే నాలుగు సిరాల లెక్క) విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. ఏ ప్రొఫైల్‌కు మార్చాలో అవతలివాళ్ళు చెప్పకుండా మీరంతట మీరు మార్చకండి. ఆ మార్పు యంత్రాన్ని బట్టి, కాగితాన్ని బట్టి ఉంటుంది. న్యూస్‌ప్రింట్‌కు పనికొచ్చే సిరాల లెక్క ఆర్ట్ పేపర్‌కు పనికిరాదు. ఏ ప్రొఫైల్ అని అడగండి. వాళ్ళకు తెలియకపోతే ఆర్‌జీబీలోనే ఇచ్చి, అచ్చు వేసేచోట మార్చుకోమనండి. ప్రీప్రెస్‌లో ఉన్నప్పుడు ఇలా అడిగిన ఫొటోగ్రాఫర్ అంటే మాకు ప్రత్యేకమైన గౌరవం ఉండేది.

ప్రశ్న: ప్రోఫొటో ఆర్‌జీబీ అన్నిటికన్నా పెద్దదట కదా. కెమెరాలో అది ఎందుకు ఇవ్వరు?

జవాబు: కెమెరా జేపెగ్‌కు ఉన్నవి 8 బిట్లు, అంటే ఒక్కో రంగుకు 256 మెట్లు. ఇల్లు ఎంత ఎత్తున్నా మెట్లు 256 దాటకూడదంటే, ఎత్తు పెరిగేకొద్దీ ఒక్కో మెట్టూ ఎత్తవుతుంది. ఎస్ఆర్‌జీబీలో మెట్లు పొట్టివి, అడోబీ ఆర్‌జీబీలో కొంచెం ఎత్తు, ప్రోఫొటోలో కాలు తట్టుకునేంత ఎత్తు. ఆకాశంలో నీలం మెల్లగా లేతబడే చోట ఆ మెట్లు చారలుగా కనిపిస్తాయి, ముఖ్యంగా ఎడిటింగ్‌లో కాంట్రాస్ట్ పెంచాక. కొడాక్ రూపొందించిన ఈ ప్రోఫొటో హద్దులు ఎంత దూరమంటే, దాని ఆకుపచ్చ, నీలం మూలలు కంటికి కనిపించే రంగుల పరిధిని కూడా దాటిపోయాయి. ఏ మానిటరూ దాన్ని పూర్తిగా చూపలేదు.

16 బిట్లలో ఒక్కో రంగుకు 65,536 స్థాయిలు ఉంటాయి కాబట్టి అక్కడ ఈ సమస్య లేదు. లైట్‌రూమ్ లోపల ప్రోఫొటో హద్దులతోనే పనిచేస్తుంది. ఎడిటింగ్ గదిలో అది మంచి స్పేస్. అక్కడి నుంచి బయటికి ఫైలుగా పంపడానికి మాత్రం పనికిరాదు. ప్రొఫైల్ పోయిన ప్రోఫొటో జేపెగ్‌ను చూస్తే అడోబీ ఆర్‌జీబీ వెలిసిపోవడం చాలా చిన్న విషయం అనిపిస్తుంది.

ప్రశ్న: ఫోన్‌తో తీసిన ఫొటోలు ఫోన్‌లో కళకళలాడతాయి. కంప్యూటర్‌లో చూస్తే ఎరుపులు చప్పబడతాయి. ఫోన్‌లో కలర్ స్పేస్ సెట్టింగే లేదు. అదెలా?

జవాబు: ఎంచుకునే అవకాశం మీకు ఇవ్వకుండా తయారీదారే ఎంచేశారు. ఇప్పుడు చాలా ఫోన్లు డిస్‌ప్లే పీ3 అనే స్పేస్‌ను వాడుతున్నాయి. డిజిటల్ సినిమా ప్రొజెక్షన్ కోసం పెట్టుకున్న రంగుల హద్దులను ఆపిల్ తెరలకు తగ్గట్టు సర్ది దీన్ని తెచ్చింది. 2016లో వచ్చిన ఐఫోన్ 7 కెమెరా ఈ విస్తృత రంగులను పట్టడం మొదలుపెట్టింది. ఎస్ఆర్‌జీబీ కన్నా ఇది సుమారు నాలుగో వంతు పెద్దది. అడోబీ ఆర్‌జీబీ ఆకుపచ్చ, నీలిఆకుపచ్చల వైపు పెరిగితే, పీ3 ఎరుపు, నారింజల వైపు కూడా పెరిగింది. అందుకే మీకు ఎరుపుల్లో తేడా తెలుస్తోంది. కంప్యూటర్ తెర ఎస్ఆర్‌జీబీ మేరకే చూపేదైతే ఆ చివరి ఎరుపు అందులో రాదు, ఫైలు మంచిదే. ఎరుపులతో పాటు అన్ని రంగులూ చప్పగా ఉంటే మాత్రం ప్రోగ్రాము ప్రొఫైల్‌ను చదవడం లేదని అనుమానించండి. అదే ఫొటోను కొత్త వెబ్ బ్రౌజర్‌లో తెరిచి పోల్చి చూడండి. బ్రౌజర్‌లో బాగుంటే తప్పు ఆ ప్రోగ్రాముదే.

ప్రశ్న: వీడియోకు కూడా అడోబీ ఆర్‌జీబీ పెట్టొచ్చా?

జవాబు: ఆ మెనూ ఫొటోలకు మాత్రమే. వీడియోకు మామూలుగా రెక్ 709 అనే హెచ్‌డీ టీవీ ప్రమాణం వర్తిస్తుంది. దాని మూడు రంగుల మూలలూ ఎస్ఆర్‌జీబీ మూలలూ ఒకటే. లాగ్ లాంటి వేరే వీడియో సెట్టింగ్‌ల గురించి మరోసారి విడిగా రాస్తాను.

ప్రశ్న: నేను నలుపు తెలుపు ఫొటోలు మాత్రమే తీస్తాను. నాకు ఈ గొడవ ఉందా?

జవాబు: దాదాపు లేదు. రెండు స్పేస్‌లలోనూ మూడు అంకెలు సమానమైతే వచ్చేది రంగు కలవని బూడిదే, తెలుపూ ఒకటే. వెలుగు నుంచి చీకటికి దిగే వంపు కూడా రెండింటిలో దాదాపు ఒకటే, గామా 2.2 దగ్గర. నలుపుకు ఆనుకున్న మరీ చీకటి నీడల్లో మాత్రం ఎస్ఆర్‌జీబీ వంపు కొంచెం వేరుగా ఉంటుంది. లెక్క తప్పు చదివినా మామూలు కంటికి అది తెలియడం కష్టం. కాబట్టి ఎస్ఆర్‌జీబీలో ఉంచుకోండి. సెపియా లాంటి ఛాయ కలిపితే మాత్రం అది రంగు ఫొటోయే. అప్పుడు పంపేముందు ఎస్ఆర్‌జీబీకి కన్వర్ట్ చేసి, ప్రొఫైల్ జతచేయండి.